ఓర్చినమ్మకు తేటనీరు

దేహంలోని కొన్ని అవయవాలు తమ ఉనికిని చాటుకోవు. గుండె కొట్టుకోవడం తెలుస్తుంది. ఆకలి వేస్తే కడుపు గుర్తుకు వస్తుంది. కాని కంఠమూలంలో, రెక్కలు విప్పిన సీతాకోకచిలుక ఆకారంలో ఒదిగి ఉండే అవటు గ్రంథిని ఎవరూ తలచుకోరు. థైరాయిడ్ అని లోకం పిలిచే ఆ గ్రంథి థైరాక్సిన్ అనే హార్మోనును స్రవిస్తుంది. దేహమనే పొయ్యిలో మంట ఎంత ఉండాలో నిర్ణయించేది అదే. మంట తగ్గితే ఎసరు మరగదు. థైరాక్సిన్ తగ్గితే దేహంలో ఏ పనీ చురుకుగా సాగదు.

కోస్తాలోని ఒక చిన్న పట్టణంలో నలభై నాలుగేళ్ల ఉపాధ్యాయిని ఒకామె ఉండేది. కోడి కూయకముందే లేచి వాకిట కళ్లాపి చల్లి ముగ్గు పెట్టడం, ఆరు గంటలకు అత్తగారితో కలిసి కాఫీ తాగడం, ఎనిమిదిన్నరకు అందరికీ క్యారియర్లు సర్ది బడికి బయలుదేరడం ఆమె నిత్యకృత్యం. అటువంటి మనిషిలో ఏడాది కాలంగా మెల్లమెల్లగా మార్పు వచ్చింది. ఏడు గంటలైనా పక్క మీది నుంచి లేవలేకపోయేది. తిండి తగ్గించినా బరువు పెరిగింది. అందరూ ఫ్యాను కింద కూర్చున్న వేళ ఆమె శాలువా కప్పుకొనేది. దువ్వెన నిండా జుట్టు ఊడి వచ్చేది. గొంతు బొంగురుపోయింది. ఇరవై ఏళ్లుగా కంఠస్థమై ఉన్న పద్యం ఒకనాడు తరగతిలో రెండో పాదం దగ్గర ఆగిపోయింది. పిల్లలు ఆమె ముఖంలోకి చూశారు. ఆమె నల్లబల్ల వైపు తిరిగి నిలబడింది.

“వయసు మీద పడుతోంది” అన్నాడు భర్త. “బద్ధకం పెరిగింది” అన్నారు ఇరుగుపొరుగు. ఇంటర్మీడియట్ చదువుతున్న కూతురు “ఎప్పుడు చూసినా నిద్రేనా అమ్మా!” అని విసుక్కొంది. ఆమె బదులు పలకలేదు. తాను నిజంగానే సోమరిగా మారిపోయానేమో అన్న అనుమానం ఆమెకూ కలిగింది. రోగం కంటె ఆ అనుమానమే ఆమెను ఎక్కువగా కుంగదీసింది.

చివరకు రక్తపరీక్ష జరిగింది. టి.ఎస్.హెచ్. చాలా ఎక్కువగా ఉన్నదని తేలింది. “ఎక్కువ ఉంటే గ్రంథి ఎక్కువగా పనిచేస్తున్నట్టే కదా!” అని భర్త ఆశ్చర్యపోయాడు. డాక్టరమ్మ చిరునవ్వుతో వివరించింది. టి.ఎస్.హెచ్. అవటు గ్రంథిది కాదు. మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి పంపే ఆజ్ఞ. పనివాడు మందగిస్తే యజమాని గొంతు పెంచినట్లు, థైరాక్సిన్ తగ్గేకొద్దీ ఆ ఆజ్ఞ తీవ్రమవుతుంది.

“మనం తినే ఉప్పులో అయోడిన్ ఉంటుంది కదమ్మా, మరి నాకెందుకు వచ్చింది?” అని ఆమె అడిగింది. ఆ ప్రశ్నకు తెలుగువారు గర్వించదగిన నేపథ్యం ఉంది. 1921లో శ్రీకాకుళంలో జన్మించిన వైద్య శాస్త్రవేత్త వులిమిరి రామలింగస్వామి, తన సహచరులతో కలిసి నేటి హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్రా లోయలో 1956లో ఒక అధ్యయనం ఆరంభించాడు. అయోడిన్ కలిపిన ఉప్పుతో గళగండం తగ్గుముఖం పడుతుందని అది నిరూపించింది. 1962లో దేశంలో గళగండ నివారణ కార్యక్రమం మొదలయింది. అయితే అయోడిన్ లోపం ఒక్కటే ఈ వ్యాధికి కారణం కాదు. దేహాన్ని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే పొరబడి అవటు గ్రంథిని దెబ్బతీయడం మరొక కారణం. జపాన్ వైద్యుడు హకారు హషిమోటో 1912లో ఈ స్థితిని వర్ణించాడు. ఆమెకు కలిగింది అదే.

డాక్టరమ్మ యాభై మైక్రోగ్రాముల మాత్ర రాసి ఇచ్చింది. రోజూ పరగడుపున మంచినీళ్లతో వేసుకోవాలి. అరగంట నుంచి గంట వరకు మరేమీ పుచ్చుకోకూడదు. కాఫీ ఆ మందును దేహంలోకి సరిగా ఇంకనీయదు. ఇనుము, కాల్షియం మాత్రలు కూడా అంతే. వాటికీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. మాత్ర చిన్నదే గాని నియమం చిన్నది కాదు. అత్తగారి ఎదుట కాఫీ గ్లాసు పొగలు కక్కుతుంటే ఆమె గడియారం వైపు చూస్తూ కూర్చునేది.

పది రోజులు గడిచాయి. ఏ మార్పూ లేదు. తలనొప్పి మాత్రకు అలవాటుపడిన మనస్సు దీని నుంచీ అంత వేగాన్నే ఆశిస్తుంది. కాని ఈ మందు ఫలితం నిలకడకు రావడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. అప్పుడు మళ్లీ రక్తం పరీక్షించి మోతాదు సరిచేస్తారు. ఆమెకు అది డెబ్బై అయిదయింది. తొందరపడి సొంతంగా మోతాదు పెంచుకుంటే గుండె దడ, చేతుల వణుకు వంటి బాధలు కలుగుతాయి.

ఆ చిన్న మాత్ర వెనుక ఎందరి శ్రమో ఉంది. 1891లో ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో జార్జ్ మర్రే అనే వైద్యుడు గొర్రె అవటు గ్రంథి నుంచి తీసిన సారాన్ని ఒక రోగికి సూది ద్వారా ఎక్కించాడు. ఆ చికిత్స కొనసాగిస్తూ ఆ మహిళ 1919 వరకు జీవించింది. 1914లో అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ కెండాల్ థైరాక్సిన్‌ను స్ఫటిక రూపంలో వేరుచేశాడు. 1927లో ఛార్లెస్ హారింగ్టన్, జార్జ్ బార్గర్ దానిని ప్రయోగశాలలో తయారుచేశారు.

నాలుగు నెలలకు ఆమె కోలుకొంది. చలి పోయింది, గొంతు తేటపడింది. “ఇక నయమైంది కదా” అని ఎవరికీ చెప్పకుండా మాత్ర మానేసింది. మొదట్లో ఏ ఇబ్బందీ కనిపించలేదు. ఆ మందు దేహంలో సగానికి తగ్గడానికే వారం, పది రోజులు పడుతుంది. ఆ నిలువ మెల్లగా ఖర్చయ్యేసరికి పాత మబ్బు మళ్లీ కమ్మింది. రెండో నెల గడవకముందే ఆమె శాలువా వెతుక్కొంది.

డాక్టరమ్మ కోపగించలేదు. “అమ్మా! ఇది రోగాన్ని తరిమికొట్టే మందు కాదు. మీ గ్రంథి ఇవ్వలేకపోతున్న దానిని పూరించేది. నిన్న కూరలో ఉప్పు వేశామని ఈ రోజు మానేస్తామా?” అని అడిగింది. ఆ మాట ఆమె మనస్సుకు నాటింది. జీవితాంతం మాత్ర వేసుకోవడమంటే జీవితాంతం రోగిగా ఉండటమని ఆమె అంతవరకు భయపడింది. మాత్ర వేసుకుంటే రోగిగా ఉండనవసరం లేదని అప్పుడు గ్రహించింది.

తల్లి మాత్రమే కాదు, ఇల్లు కూడా ఆ మందుకు అలవాటుపడింది. కోడలు తాగేదాకా అత్తగారు కాఫీ కలుపుకోవడం మానేసింది. డాక్టరమ్మ మాటలన్నీ పక్కనే నిలబడి విన్న కూతురు, మరునాడు తెల్లవారుజామున చదువుకోవడానికి లేచినప్పుడు తల్లి తలాపున గ్లాసుతో నీళ్లు, పక్కన మాత్ర పెట్టింది. అన్న మాటను వెనక్కు తీసుకుంటున్నానని ఆమె నోటితో చెప్పలేదు. చెప్పవలసిన అవసరం తల్లికీ కనిపించలేదు.

‘ఓర్చినమ్మకు తేటనీరు’ అన్నారు పెద్దలు. అయితే నీరు తేరుకునేదాకా ఓర్చుకోవలసింది కడవ పట్టుకున్న అమ్మ ఒక్కతే కాదు. చుట్టూ ఉన్నవారు నీటిని కలచకుండా ఉండాలి. మందగమనంలో సోమరితనాన్ని చూసే ముందు, దాని వెనుక ఏ బాధ దాగి ఉన్నదో అడిగి తెలుసుకోవడం మనిషి కనీస ధర్మం.

ఆ సంవత్సరం బడి ముగిసేలోగా ఒకనాడు ఆమె తరగతిలో అదే పద్యం అందుకొంది. రెండో పాదం దాటింది. నాలుగో పాదం చివరి దాకా గొంతు ఎక్కడా తొట్రుపడలేదు.