శుక్రవారం ఆఖరి పీరియడు



ఉగాది సమావేశంలో ఇద్దరు ముగ్గురు నన్ను పట్టుకొని, "ఏమండీ, బుకింగ్ కౌంటర్లో టిక్కెట్లు ఇచ్చిన మీరు ఆడపిల్లల బడిలో వేదాంతం చెబుతున్నారటగా?" అని అడిగారు. మైకు దగ్గర నాలుగు ముక్కలు చెప్పి దిగిపోయాను గాని, నాలుగు ముక్కల్లో తెమిలే సంగతి కాదిది. ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

మా ధర్మపురిలో ఒక బాలికల మేల్నిలై పాఠశాలలో (పేరు వద్దు లెండి) పదకొండో తరగతికి వారానికొక పీరియడు 'నీతి పోదనై' అని ఉంది. నీతిబోధ అన్నమాట. శుక్రవారం సాయంత్రం ఆఖరి పీరియడు. అలాంటి పీరియడు గతి మీకు తెలిసిందే. లెక్కల టీచరుకు పోర్షన్ మిగిలిపోతే దీన్ని అడిగి తీసుకుంటారు, లేదంటే పిల్లలు రికార్డు నోట్లో బొమ్మలు వేసుకుంటారు. హెచ్చెమ్ గారు మా ఇంటామెకు తెలిసినావిడ. "తిరుక్కురళ్ మీకు నోటికొచ్చు కదా సార్, ఊరికే ఇంట్లో కూర్చునే బదులు వచ్చి పిల్లలకు రెండు మాటలు చెప్పండి" అన్నారు. 2023లో మొదలుపెట్టాను.

నా చదువంతా తమిళంలోనే సాగింది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, సంతలో కాస్త కన్నడం. తెలుగు అక్షరాలు పెద్దయ్యాక ఆదివారం తరగతిలో దిద్దినవే. కాబట్టి నాకు వేమన కంటే ముందు పరిచయమైనది అవ్వైయార్. ఆత్తిచూడి, కొండ్రై వేందన్ చిన్న తరగతుల్లోనే వల్లెవేయించారు. ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

బడిలో మతం సంగతి మాట్లాడొచ్చా అని మనలో కొందరికి సందేహం ఉంది. రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం పూర్తిగా ప్రభుత్వ ధనంతో నడిచే విద్యాసంస్థలో మతబోధ చేయరాదు. ప్రభుత్వ గుర్తింపో సహాయమో ఉన్న బడిలో జరిగినా పిల్లల్ని బలవంతంగా కూర్చోబెట్టరాదు, మైనరైతే పెద్దల సమ్మతి ఉండాలి. అయితే మతాన్ని బోధించడం వేరు, మతాల గురించి చదువుకోవడం వేరు. 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడానే చూపింది. మన రాష్ట్రంలో ప్లస్ వన్, ప్లస్ టూ వాళ్ళకు 'అరవియలుం ఇందియ పణ్పాడుం', అంటే నీతిశాస్త్రం, భారతీయ సంస్కృతి, అని ఒక సబ్జెక్టే ఉంది. నా ముందు కూర్చునే నలభై మందిలో దాన్ని తీసుకున్న పిల్ల ఒక్కతీ లేదు. నీట్, నర్సింగు, బ్యాంకు పరీక్ష, వాళ్ళ ఇళ్ళల్లో లెక్క అది. నేను తప్పు పట్టను. నాకు రైల్వేలో ఆర్డరు వచ్చిననాడు మా నాన్న కూడా "ఏ దర్శనం చదివావురా" అని అడగలేదు.

సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1888లో తిరుత్తణిలో తెలుగింట పుట్టి, వేలూరులో, మద్రాసులో చదివి, 1909లో మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో తత్వశాస్త్రం చెప్పడం మొదలుపెట్టారు. 1948లో ఆయన అధ్యక్షతన వేసిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ కాలేజీల్లో ఈ చదువు ఎలా సాగాలో ఒక వరుస చెప్పింది. మొదటి ఏడు మతగురువుల జీవితాలు, రెండో ఏడు మతగ్రంథాల్లోంచి భాగాలు, మూడో ఏడు మతతత్వంలోని ముఖ్య సమస్యలు. చివరికి చేరేది సమస్యల దగ్గరకే, గమనించండి. సమాధానాల దగ్గరకు కాదు. మనం సెప్టెంబర్ 5న ఆయన ఫోటోకు దండ వేస్తాం గాని ఈ వరుస ఎవరికీ గుర్తుండదు.

2024 ఆగస్టు చివర్లో చెన్నై అశోక్ నగర్ ప్రభుత్వ బాలికల మేల్నిలై పాఠశాలలో జరిగింది మీరు టీవీలో చూసే ఉంటారు. బయటినుంచి వచ్చిన ఒక వక్త పిల్లలకు పునర్జన్మ గురించి చెబుతూ, అంగవైకల్యం, పేదరికం పోయిన జన్మ పాపాల ఫలితమన్నట్టు మాట్లాడాడు. కంటిచూపు లేని ఉపాధ్యాయుడొకాయన లేచి నిలదీశారు. వీడియో రాష్ట్రమంతా తిరిగింది. వక్త అరెస్టయ్యాడు, హెడ్మిస్ట్రెస్‌కు బదిలీ అయింది. ఆ వారమే మా హెచ్చెమ్ గారు నన్ను పిలిచి, "సార్, మీరేం చెబుతున్నారో నాకు తెలుసు. అయినా ఒక కాగితం మీద రాసివ్వండి" అన్నారు. రాసిచ్చాను. ముప్పై ఏళ్ళకు పైగా రిటర్న్‌లు నింపినవాడికి కాగితమంటే భయమేముంది?

కర్మ అన్నది మామూలు ప్రశ్న కాదు. ఏ పాపం ఎరగని పిల్లకు కష్టం ఎందుకు వచ్చింది? దీనికి జైనులు ఒకటి చెప్పారు, బౌద్ధులు ఒకటి, మన వేదాంతులు ఒకటి. చార్వాకులు పోయిన జన్మే లేదు పొమ్మన్నారు. నలుగురి మాటా పిల్లల ముందు పెట్టి, మీకేమనిపిస్తోందని అడిగితే అది తత్వం. కాలు బాగాలేని పిల్లను చూస్తూ ఇది నీ పాపమే అని చెబితే దానికి ఏ పేరు పెట్టాలో నాకు తోచడం లేదు, తత్వం అని మాత్రం అనను.

ఇక మా తరగతి సంగతి. మా ఊళ్లో అవ్వైయార్ పేరుతో ప్రభుత్వ బాలికల మేల్నిలై పాఠశాల ఒకటి ఉందని మీకందరికీ తెలుసు. ఆ పేరు ఊరికే పెట్టలేదు. ధర్మపురి పాతపేరు తగడూరు. దాన్ని ఏలిన అదియమాన్ దీర్ఘాయువునిచ్చే ఉసిరికాయ తాను తినకుండా అవ్వైయార్‌కు ఇచ్చాడన్న కథ ఇక్కడ ప్రతి పిల్లకూ తెలుసు. తెలియనిది ఇంకొకటుంది. కాంచీపురం తొండైమాన్‌తో యుద్ధం వచ్చేలా ఉన్నప్పుడు అదియమాన్ రాయబారం పంపింది ఈ అవ్వనే. తొండైమాన్ తన ఆయుధశాల చూపించాడు. అవ్వ మెచ్చుకుంటున్నట్టే మెచ్చుకుంటూ, నీ ఆయుధాలు నెయ్యి పూసి నిగనిగలాడుతున్నాయి, మా రాజువి మొనలు విరిగి కమ్మరి కొట్టంలో పడి ఉన్నాయి అన్నదట. ఎవరు యుద్ధం ఎరిగినవాడో విన్నవాడికి అర్థమైపోతుంది. పుఱనానూఱులో ఉంది ఈ సంగతి.

ఇది చెప్పిన తరువాతి వారం ఆత్తిచూడి తీసుకున్నాను. దానిలో ఒక హితవు ఉంది, ఆడదాని మాట చెవిన పెట్టుకోవద్దని. తమిళంలో చదువుకున్నవాళ్ళకు ఏదో తెలుస్తుంది. చాలామంది మేష్టార్లు దాన్ని గబగబా దాటిస్తారు. కొందరు వ్యాఖ్యాతలు భార్య ముచ్చట మాటలకు లొంగి విచక్షణ పోగొట్టుకోవద్దని మాత్రమే దాని అర్థమని సర్దిచెబుతారు. నేను దాటించలేదు, బోర్డు మీద రాశాను. ఒక నిమిషం ఎవరూ మాట్లాడలేదు. వెనక బెంచీనుంచి ఒక పిల్ల, "సార్, ఇది రాసింది కూడా ఆడదే కదా. ఆమె మాట మేమెందుకు వినాలి?" అన్నది. తరగతంతా నవ్వింది. నేనూ నవ్వాను. అంతలో ఇంకో పిల్ల, "అదియమాన్ విన్నాడు కదా" అన్నది.

రాయబారం వెళ్ళిన అవ్వ సంగకాలం మనిషి, ఆత్తిచూడి రాసిన అవ్వ ఎన్నో శతాబ్దాల తరువాతి మనిషి అని పండితులంటారు. అదీ చెప్పాను. ఒక అవ్వ కాలంలో రాజు ఆడదాని నోట రాయబారం పంపాడు, ఇంకో అవ్వ కాలానికి ఆడదాని మాట వినవద్దన్నది పిల్లల పాఠమైంది. మధ్యలో ఏం జరిగింది? గంట కొట్టేదాకా అదే మాట. తిరుక్కురళ్‌లోనూ భార్య మాటకు లోబడి నడవడం మీద ఒక అధికారమే ఉంది, 91వది. మన సుమతీ శతకంలో లేవా, వేమనలో లేవా? ఈ పిల్లలు రేపు వాటిని ఎక్కడో ఒకచోట చదువుతారు. నా ముందు చదివితే కనీసం ప్రశ్న అడగొచ్చు.

జనవరిలో, పొంగల్ సెలవులయ్యాక, మూడో బెంచీ పిల్ల ఒకతె తరగతి అయ్యాక ఆగింది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్ల, నన్ను తాతా అంటుంది. "తాతా, కొండ్రై వేందన్ మొదట్లోనే అమ్మానాన్నల్ని దేవుడితో సమానం చేసింది కదా అవ్వ. మరి వాళ్ళు చదువు మానేయమంటే మానేయడమే ధర్మమా?" అన్నది. అడుగుతూ నా మొహం చూడలేదు, చేతిలో టిఫిన్ డబ్బా మూత తిప్పుతూ ఉంది.

మిత్రులారా, మన జిల్లా సంగతి మనకు కొత్త కాదు. పుట్టిన ఆడపిల్లను వద్దనుకునేవాళ్ళ కోసం 1992లో సేలంలో 'తొట్టిల్ కుళందై' పథకం పెట్టి, 2001లో ధర్మపురికీ తెచ్చారు. ఉయ్యాల పెట్టి, ఇక్కడ వదిలివెళ్ళండి, చంపకండి అని ప్రభుత్వమే చెప్పవలసివచ్చిన ఊరి పేరు ధర్మపురి. ఆ రోజులు దాటి వచ్చాం, పిల్లలు ప్లస్ టూ దాకా వస్తున్నారు. అయినా పదహారు నిండగానే సంబంధాలు వెతికే ఇళ్ళు ఇంకా ఉన్నాయి.

ఆ పిల్లకు నచికేతుడి కథ చెప్పాను. తండ్రి కోపంలో నిన్ను యముడికి ఇచ్చానంటే వెళ్ళాడు గాని, వెళ్ళేముందూ ప్రశ్న అడిగాడు, వెళ్ళి యముణ్ణీ ప్రశ్న అడిగాడు అన్నాను. ఆమె కాసేపు విని, "ఆయన మగపిల్లాడు కదా తాతా" అన్నది.

ఈ మాటకు జవాబు నా దగ్గర సిద్ధంగా లేదు. పద్దెనిమిది నిండకుండా పెళ్ళి చట్టం ఒప్పదని, 1098కి ఫోను చేయొచ్చని చెప్పాను, ఆమె అనుమతితోనే హెచ్చెమ్ గారికి చెప్పాను. హెచ్చెమ్ గారు తల్లిదండ్రుల్ని పిలిపించారు. తండ్రి, "ఊరికే విచారించాం మేడం, ఏదీ ఖాయం కాలేదు" అన్నాడట. ప్రస్తుతానికి పిల్ల బడికి వస్తోంది.

కాని ఆ మాట నాలో తిరుగుతూనే ఉంది. తరువాతి శుక్రవారం గార్గిని తీసుకున్నాను. బృహదారణ్యకంలో జనకుడి సభలో యాజ్ఞవల్క్యుణ్ణి ఒకదాని వెనుక ఒకటి అడుగుతూపోతుంది. ఇక అడిగితే నీ తల రాలిపోతుందంటాడాయన. ఊరుకుంటుంది. కాసేపటికి సభ అనుమతి తీసుకొని మళ్ళీ లేస్తుంది, రెండు బాణాలతో వచ్చానంటూ! ఆ 'మళ్ళీ లేవడం' పిల్లలకు బాగా నచ్చింది.

ఆ పై వారం మణిమేకలై. 1898లో ఉ.వే. స్వామినాథయ్యర్ గారు అచ్చువేయించిన బౌద్ధ కావ్యం. అందులో మణిమేకలై వంజి నగరంలో అన్ని మతాల వాళ్ళ దగ్గరకూ వెళ్ళి మీ తత్వమేమిటని వింటుంది. అయితే ఆడపిల్లగా కాదు, తాపసి వేషంలో. వయసులో ఉన్న ఆడపిల్లవని నీకెవరూ తత్వం చెప్పరని దేవతే ముందుగా చెప్పి, రూపం మార్చుకునే మంత్రం ఇచ్చింది. ఇది చెప్పేసరికి మూడో బెంచీ పిల్ల తలెత్తి చూసింది. ఏమీ అనలేదు.

తెలుగు పిల్లలు నలుగురైదుగురు ఉన్నారని తరిగొండ వెంగమాంబ సంగతీ చెప్పాను. చిత్తూరు సీమ మనిషి, 1817లో పోయింది, చిన్నతనంలోనే భర్త పోయినా 'వాసిష్ఠ రామాయణం', 'రాజయోగామృతసారం' వంటి వేదాంత, యోగ గ్రంథాలు రాసింది. తిరుమల ముత్యాల హారతి ఆమె పేరున సాగుతుందని మనవాళ్ళకు తెలుసు, ఆమె ఏం రాసిందో చదివినవాళ్ళు తక్కువ.

మనలో ఒక పెద్దాయన, "గీత చెప్పక జైనం, బౌద్ధం ఎందుకయ్యా" అన్నారు. ఇంకొకాయన ఫోను చేసి, "మతం ఊసే వద్దు, తిరుక్కురళ్‌తో ఆపు" అన్నారు. మద్రాసు హైకోర్టు 2016లో కురళ్ నీతిని ఆరు నుంచి పన్నెండు దాకా నేర్పాలని ఆదేశించింది కాబట్టి అది క్షేమమని ఆయన లెక్క. ఇద్దరిమీదా నాకు గౌరవం ఉంది. గీతలోనూ అర్జునుడు పద్దెనిమిది అధ్యాయాలూ ప్రశ్నలడుగుతూనే ఉన్నాడు. కురళ్ అయితే, 91వ అధికారం సంగతి పైన చెప్పాను.

జూన్‌లో బడి తెరవగానే నీలకేశి మొదలుపెట్టాలని ఉంది. అది జైన కావ్యం, అందులో నీలకేశి అనే ఆమె ఆడదానిగానే బౌద్ధులతో, సాంఖ్యులతో, వైదికులతో వాదించి గెలుస్తుంది. ప్రొఫెసర్ ఎ. చక్రవర్తి గారు వ్యాఖ్యానంతో అచ్చువేసిన పాత ప్రతి నాకు దొరకలేదు. సేలంలోనో, హోసూరులోనో, మీ ఇళ్ళల్లో తాతలనాటి పుస్తకాల బీరువాలోనో ఉంటే చెప్పండి. జిరాక్సు తీసుకొని వారంలో తిరిగి ఇచ్చేస్తాను. రానుపోను ఛార్జీలు నావే, నాకు పాసుంది.