డీటీపీకి గేమింగ్ కార్డు ఎందుకు?

చిక్కడపల్లిలో డీటీపీ చేసే తమ్ముడొకడు అడిగాడు, గేమింగ్ కార్డు వేయిస్తే అక్షరాలు ఇంకా స్పష్టంగా కనిపిస్తాయా అని. కనిపించవు తమ్ముడూ. ఆ డబ్బు మానిటర్ మీద పెట్టు.

ఒకప్పుడైతే ఆలోచించాల్సిందే. 1999లో ఎన్‌విడియా జీఫోర్స్ 256 ఆటల్లో దూసుకుపోయింది. అదే ఏడాది వచ్చిన మాట్రాక్స్ జీ400 మాత్రం తేటైన బొమ్మకి పేరు తెచ్చుకుంది. అప్పట్లో బొమ్మని అనలాగ్ సిగ్నల్‌గా మార్చి వీజీఏ కేబుల్లోకి పంపేది కార్డే. అది నాసిరకందైతే అక్షరాల అంచులు అలుక్కుపోయేవి. తెలుగు ప్రూఫులు దిద్దేవాళ్లకి అదెంత నరకమో! ప, ఫ, ష... తేడా అంతా ఓ చిన్న గీతలోనే కదా.

ఇప్పుడు హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లే పోర్టుల్లో సిగ్నల్ డిజిటల్‌గానే వెళ్తుంది. ఖరీదైన కార్డుతో ఆటలో ఫ్రేములు పెరుగుతాయి, పేజీలో అక్షరం మారదు. నారాయణగూడ, అశోక్‌నగర్‌లలో నేను చూసిన కొన్ని షాపుల్లో ఇంకా ఆ నీలం మూతి వీజీఏ కేబులే వాడుతున్నారు. ముందు దాన్ని తీసెయ్యండి. వీడియో ఎడిటింగ్, త్రీడీ చేస్తేనే విడిగా కార్డు. లేదంటే ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ చాలు.

పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లేటప్పుడు నీ పేజీ పీడీఎఫ్ ఒకటి పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లు. ఐపీఎస్ మానిటర్ మీద తెరిపించి, వత్తులు చూసుకుని కొను.