మొండి స్పైవేర్: ఒక చికిత్సా వృత్తాంతము

ప్లాస్మోడియమ్ వైవాక్స్ వలన కలిగే మలేరియా జ్వరానికి ఒక చెడ్డ గుణము ఉన్నది. క్లోరోక్విన్ మాత్రలు వాడితే రెండు మూడు దినములలో జ్వరము తగ్గుతుంది. రోగి లేచి పనికి పోతాడు. కొన్ని వారములకో, నెలలకో, దోమ మరల కుట్టకుండానే అదే జ్వరము తిరిగి వస్తుంది. రక్తములోని పరాన్నజీవులు నశించినా, కాలేయ కణములలో నిద్రాణముగా ఉన్నవి నశించకపోవుటే దానికి కారణము. అందువలననే జి6పిడి లోపము లేదని చూచుకొని, ప్రిమాక్విన్‌ను 14 దినములు ఇస్తాము. పాతబస్తీలో వైద్యము చేసిన కాలములో ఆ 14 దినముల మందు పూర్తిగా మ్రింగించడము కంటె నాకు కష్టమనిపించిన పని మరొకటి లేదు. జ్వరము లేనివానికి మందెందుకు అన్న ప్రశ్నకు సమాధానము చెప్పడము సులభమే. ఒప్పించడము సులభము కాదు.

ఈ వ్యాసము మలేరియాను గురించి కాదు. లాల్ దర్వాజాలో మా మేనల్లుని ఇంటి కంప్యూటరులో చేరిన ఒక స్పైవేరును తొలగించడానికి గడచిన శీతాకాలములో మాకు పది దినములు పట్టినది. ఆ పది దినములూ నాకు వైవాక్స్ జ్వరమే గుర్తుకు వచ్చినది. వైద్య విషయములు వ్రాసే ఈ చోట కంప్యూటరు గొడవ ఎందుకని పాఠకులు అనుకోవచ్చును. ఆ కంప్యూటరులో ఉన్నవి రోగుల రహస్యములు కనుక వ్రాస్తున్నాను.

మా మేనల్లుడు ఇంటి క్రింది భాగములో చిన్న రక్తపరీక్షల ల్యాబు నడుపుతాడు. పగలంతా నమూనాలు తీసి, పరీక్షలు చేసి, రాత్రి భోజనము తరువాత మేడ మీద ఇంటి కంప్యూటరులో రిపోర్టులు టైపు చేస్తాడు. ఎనిమిదేండ్ల రిపోర్టులు అందులో ఉన్నవి. చక్కెర, కొలెస్టరాల్, థైరాయిడ్ వంటివే అధికము. వాటి నడుమ కఫములో క్షయ క్రిములు కనబడినవారి రిపోర్టులు, హెపటైటిస్ బి, హెచ్.ఐ.వి. రిపోర్టులు కూడ ఉన్నవి. అదే కంప్యూటరు మీద అతని కొడుకు పెండ్లి పత్రికలు రూపొందించి, ఛత్తా బజారులోని ముద్రణాలయములకు పెన్‌డ్రైవులో తీసుకొనిపోతాడు. గౌలిపురా, లాల్ దర్వాజా, శాలిబండ గల్లీలలో ఒక ఇంటి జబ్బు పొద్దుగూకేలోగా నాలుగిళ్ళకు తెలుస్తుంది. క్షయ పూర్తిగా నయమైన పిల్లకు కూడ సంబంధము తప్పిపోవడము నేను ఒకటికి రెండు మార్లు చూచాను. పత్రికలోని పేర్లూ రిపోర్టులలోని పేర్లూ ఒకే పెట్టెలో ఉన్నవంటే దాని అర్థము ఏమిటో ఇక్కడివారికి వివరించనవసరము లేదు.

పిల్లవాడు పత్రికల కొరకు తెలుగు అక్షరముల సాఫ్ట్‌వేరు ఒకటి, డబ్బిచ్చి కొనవలసిన దానిని, తాళము విరిచిన నకలుగా ఎక్కడనుండో ఉచితముగా దింపుకొన్నాడు. అక్షరములు వచ్చినవి, వాటితో మరికొన్ని కూడ వచ్చినవి. వారము తిరగకముందే మేనల్లుడు నాకు ఫోను చేశాడు. "మామా, రిపోర్టులు మంచిగనే టైపు అయితున్నయి. గానీ నడుమ నడుమ ఏందో పేజీ దానంతట అదే తెరుచుకుంటున్నది. ఏ పని చెయ్యకున్నా ఫ్యాను గిర్రున తిరుగుతున్నది." నేను వెళ్ళి చూచేసరికి ఆ రెండింటి కంటె ముఖ్యమైన లక్షణము మరొకటి కనబడినది. విండోస్‌తో వచ్చే డిఫెండర్ రక్షణ ఆగిపోయి ఉన్నది. ఆన్ చేస్తే క్షణములో మరల ఆగుతున్నది. యాంటీవైరస్ సంస్థల వెబ్‌సైట్లు ఏవీ తెరుచుకొనడము లేదు, మిగిలినవన్నీ తెరుచుకొంటున్నవి. శరీరములో రోగనిరోధక కణములనే పట్టుకొనే వ్యాధిని చూచినవారికి ఈ వరుస తెలిసినదే.

స్పైవేరు అనగా యజమానికి తెలియకుండ కంప్యూటరులో ఉండి, అక్కడి సమాచారమును బయటికి చేరవేసే సాఫ్ట్‌వేరు. మీటలు నొక్కిన వరుసను, తెర చిత్రములను, బ్రౌజరులో దాచిన పాస్‌వర్డులను, ఒకసారి లాగిన్ అయిన తరువాత మరల అడగకుండ ఉంచే కుకీలను అది తీసుకొనిపోగలదు. గందరగోళము చేసే సాఫ్ట్‌వేర్ల సంగతి వేరు. 1989లో 'ఎయిడ్స్ సమాచారము' అన్న పేరుతో సుమారు 20,000 ఫ్లాపీ డిస్కులు టపాలో పంపబడినవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎయిడ్స్ సదస్సుకు హాజరైనవారికి కూడ అవి చేరినవి. కంప్యూటరును తొంభై మార్లు ఆన్ చేసిన తరువాత అది ఫైళ్ళ పేర్లను దాచివేసి, పనామాలోని ఒక పోస్టు బాక్సుకు 189 డాలర్లు పంపమని అడిగేది. దానిని తయారుచేసినాడని అభియోగము ఎదుర్కొన్న జోసెఫ్ పాప్ ఒక జీవశాస్త్రజ్ఞుడు! 2017 మే నెలలో వాన్నాక్రై బ్రిటన్ ఆసుపత్రులను స్తంభింపజేసినది; ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లలో కూడ కొన్ని దాని వాత పడినవి. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు నిలిచిపోయి, సిబ్బంది చేతివ్రాతకు దిగవలసి వచ్చినది. ఇవన్నీ గుండెపోటు వంటివి, వచ్చిన క్షణముననే తెలుస్తవి. స్పైవేరు రక్తపుపోటు వంటిది. రోగి సుఖముగా ఉన్నాననే అనుకొంటాడు.

మొదటి రెండు దినములూ అందరూ చేసే పనే మేనల్లుడు చేశాడు. ప్రోగ్రాముల జాబితాలో కొత్తగా కనబడిన మూడు పేర్లను తొలగించాడు. పేజీలు తెరుచుకొనడము ఆగినది. మూడవ దినము ఉదయము రెండు తిరిగి వచ్చినవి. బ్రౌజరు పొడిగింపును తీసివేస్తే, గూగుల్ ఖాతాతో సింక్ అయినప్పుడు అదే పొడిగింపు మరల దిగినది. ఒక ప్రక్రియను ఆపితే రెండవది దానిని లేపుతున్నది, రెండవదానిని ఆపితే మొదటిది లేపుతున్నది. ఇట్టి జంట కాపలా మొండి స్పైవేర్లకు పాత అలవాటే.

శాలిబండలో కంప్యూటర్లు బాగుచేసే కుర్రవానిని పిలిపించాము. అతడు తెర వంక అర నిమిషము చూచి, "ఫార్మాట్ మార్ దేంగే సాబ్, కిస్సా ఖతమ్" అన్నాడు. చివరకు అతని మాటే నిజమైనది. అయినా వెంటనే ఒప్పుకొననందుకు నేను చింతించను. ఎనిమిదేండ్ల రిపోర్టులు ముందు భద్రపడవలెను, అది ఎక్కడ దాగినదో కూడ తెలియవలెను. ఏ అవయవములో ఏమున్నదో చూడకుండ కత్తి పట్టరాదు. మొదట ఇంటర్నెట్ తీగను పీకించాను. రోగిని వేరు గదిలో ఉంచినట్లే ఇది; ఆ తీగ ఉన్నంతసేపూ సమాచారము బయటికి పోతూనే ఉంటుంది. తరువాత రిపోర్టులను, అనగా పత్రములను మాత్రమే, ప్రోగ్రాము ఫైలు ఒక్కటి కూడ లేకుండ, కొత్త డిస్కులోనికి ఎక్కించాము. కుర్రవాడు తన దుకాణములోని కంప్యూటరులో రెస్క్యూ డిస్కు ఒకటి తయారుచేసి తెచ్చాడు. దానితో విండోస్ లేవకముందే కంప్యూటరును పరీక్షించవచ్చును. విండోస్ లేస్తే దానితో పాటు దొంగ కూడ లేస్తాడు, తన ఉనికిని తానే దాచుకొంటాడు. నిద్రలో పరీక్షిస్తే దొరుకుతాడు.

పదకొండు ఫైళ్ళు దొరికినవి. తీసివేశాము. డిఫెండర్ మాత్రము అప్పటికీ నిలువలేదు. మైక్రోసాఫ్ట్ ఉచితముగా ఇచ్చే ఆటోరన్స్ అనే సాధనముతో, కంప్యూటరు ఆన్ అయినప్పుడు తమంతట తాము మొదలయ్యే వాటి జాబితాను తీసి, ముగ్గురము కూర్చొని ఒక్కొక్క వరుసా చదివాము. ప్రింటరు అప్‌డేట్ అన్న పేరుతో ఒక షెడ్యూల్డ్ టాస్కు ఉన్నది. ప్రతి దినము తెల్లవారుజామున మూడు గంటలకు లేచి, లేని ఫైళ్ళను తిరిగి దింపడము దాని పని. ఆ ఇంటిలో ఆ సంస్థ ప్రింటరు ఎన్నడూ లేదు. కాలేయము దొరికినదని నేను అన్నాను. కుర్రవానికి అర్థము కాక నా ముఖము చూచాడు.

ఆ టాస్కును తీసివేసిన తరువాత కంప్యూటరు చక్కగానే నడిచినది. మేనల్లునికి అక్కడితో ఆగాలని ఉన్నది. ల్యాబు సాఫ్ట్‌వేరును మరల ఎక్కించడము, యంత్రములతో మరల కలపడము అతనికి రెండు దినముల నష్టము. నేను ఒప్పుకొనలేదు. నిర్వాహకుని అధికారములన్నీ వారము దినములు పరాయివాని చేతిలో ఉన్న కంప్యూటరులో, దొరికినవి పోయినవని చెప్పగలము. దొరకనిది లేదని చెప్పలేము. ఇంటి ఖాతా లెక్కలకో, సినిమాలకో వాడే కంప్యూటరు అయితే నేనూ అంత పట్టుబట్టక పోదును. పైగా అందులో ఉన్నది విండోస్ 10. దానికి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. పాత డిస్కును తుడిచివేయకుండ, తీసి, తేదీ వ్రాసిన కవరులో ఉంచాము. శస్త్రచికిత్సలో తీసిన ముక్కను పారవేయము కదా. కొత్త డిస్కు మీద అన్నీ మొదటి నుండి ఎక్కించాము. మేనల్లుడు జాతీయ సైబర్ నేరముల పోర్టలులో ఫిర్యాదు నమోదు చేశాడు. డబ్బు పోయి ఉంటే 1930కి ఆ క్షణముననే ఫోను చేయవలసి ఉండేది. అదృష్టవశాత్తు బ్యాంకు ఖాతా జోలికి ఎవరూ పోలేదు. భారత ప్రభుత్వ సంస్థ అయిన సెర్ట్-ఇన్ 2017లో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రము కూడ తొలగింపు సాధనములను ఉచితముగా ఇస్తుంది. ఉచితమైనది కావలసినవారు అక్కడ వెదకుకొనడము మేలు.

పాస్‌వర్డులను ఆ కంప్యూటరు మీద కాక వేరొక ఫోను నుండి మార్చాము. పాస్‌వర్డు మార్చినంత మాత్రాన చాలదు. దొంగిలించిన కుకీతో తెరిచిన ఖాతా తెరిచే ఉండవచ్చును కనుక, 'అన్ని పరికరముల నుండి లాగౌట్' అన్నదానిని కూడ నొక్కవలెను. రెండవ అంచెగా ఫోనుకు సంకేతము వచ్చే ఏర్పాటు చేయించాను.

ఇక మిగిలినది రోగుల సంగతి. రిపోర్టులు బయటికి పోయినవా? పోయినవనుటకు ఆధారము లేదు, పోలేదనుటకూ లేదు. హెచ్.ఐ.వి. ఉన్నవారి సమాచారమును కాపాడవలసిన బాధ్యతను 2017 నాటి చట్టము, 2018 సెప్టెంబరు 10 నుండి, అట్టి వివరములు ఉంచుకొనేవారి మీద పెట్టినది. చట్టము లేకున్నను వారికి చెప్పవలెననే నా అభిప్రాయము. మేనల్లుడు భయపడ్డాడు. ల్యాబు పేరు పోతుందన్నాడు. ఆ భయము అన్యాయమైనది కాదు. అతని జీవనము దాని మీదనే. రెండు రాత్రులు ఆలోచించి, చెబుతానన్నాడు. ఫోనులో కాదు, ఇంటికి పోయి కూడ కాదు. ఇంటికి పోతే ఎందుకు వచ్చినారని పక్కవారు అడుగుతారు. ఏదో పరీక్ష మిగిలినదని ఒక్కొక్కరినే ల్యాబుకు రమ్మన్నాడు. ఆ దినములలో నేను కూడ అక్కడ కూర్చొన్నాను.

వారిలో బట్టలు కుట్టి బ్రతికే ఒకామె విని చాలాసేపు మాట్లాడలేదు. "మా అత్తకు తెలిసిందా తమ్మీ?" అని మాత్రము అడిగినది.

"తెలిసినట్టు గుర్తులైతే లేవక్కా. గానీ బయటికి పోలేదని ఒట్టు పెట్టి చెప్పలేను."

"అయితే ఆ కాయితం నాకియ్యి. నీ మిషన్ల వద్దు. నా తాననే ఉంటది."

అతడు ఆమె రిపోర్టును కాగితము మీద ముద్రించి ఇచ్చి, ఆమె ఎదుటనే కంప్యూటరు నుండి తీసివేశాడు. తరువాత అట్టి రిపోర్టులన్నిటికీ పేర్ల బదులు సంఖ్యలు వేయడము మొదలుపెట్టినాడు. ఏ సంఖ్య ఎవరిదో తెలిపే రిజిస్టరు బీరువాలో తాళము వేసి ఉంటుంది.

ఇప్పుడు ల్యాబు కంప్యూటరుకు ఇంటర్నెట్ లేదు. కొడుకు పెండ్లి పత్రికలకు పాత ల్యాప్‌టాప్ ఒకటి కొన్నారు, ఛత్తా బజారు పెన్‌డ్రైవు దానికే తప్ప దీనికి తగలదు. కొత్త విండోస్ ఎక్కించిన దినమున తీసిన ఆటోరన్స్ జాబితాను ముద్రించి గోడకు అంటించాము. పదునాలుగు దినములకొకసారి తాజా జాబితాను దాని ప్రక్కన పెట్టి చూస్తాడు. క్రిందటి ఆదివారము నేనున్నప్పుడు చూచినాడు. కొత్త పేరు ఒకటి కనబడినది. విచారిస్తే అది ల్యాబులోని కొత్త రక్తకణ గణన యంత్రమునకు సంబంధించినది. దానిని కూడ జాబితాలో చేర్చి, తేదీ వ్రాసి, సంతకము చేశాడు.