నాయన కన్ను – మేము ఆలస్యముగా నేర్చిన పాఠము

మాది ఎల్లారెడ్డి దగ్గర వ్యవసాయ కుటుంబము. కోతల కాలములో వరి ఆకు మా నాయన కుడి కంటికి కోసుకొన్నది. పదిమంది మాట విని పసరు పోయించాము. పుండు మానినది గాని నల్లగుడ్డు మీద పువ్వు మిగిలినది. చివరకు హైదరాబాదులో, మరణించిన వారెవరిదో దానముగా వచ్చిన పొరను అతికారు. కట్టు విప్పిన నాడు నాయన మా చిన్నదాని ముఖము చూచి, "ఇది అచ్చం మా అమ్మ పోలికే" అన్నారు.

ఏడు నెలలు బాగా గడిచాయి. చుక్కల మందు అయిపోయింది. నాట్ల పనులు మీదపడ్డాయి. "చూపు వచ్చింది కదా, ఇంకెందుకు?" అనుకొన్నాము. కొన్నాళ్లకు కన్ను ఎర్రబడింది. వెలుతురు ఓర్చుకోలేక, ఆదివారము పాటల పుస్తకములో అక్షరాలు మసకగా ఉన్నాయన్నారు. కండ్లకలకేనని నాలుగు రోజులు ఊరుకొన్నాము.

కామారెడ్డిలో డాక్టరమ్మ చూచి, "ఎర్రబడిన రోజే ఎందుకు రాలేదు తమ్ముడూ? అతికిన పొరను ఒళ్లు పరాయిదని తోసివేస్తున్నది. ఈ పూటే హైదరాబాదు తీసుకుపొండి" అన్నది.

అక్కడ వివరముగా చెప్పారు. నల్లగుడ్డులో రక్తనాళాలు ఉండవు. అందుకే మన రక్తములోని కావలి కణాలు పరాయి పొరను తరచుగా పసిగట్టవు. పాత పుండు వలన నాళాలు లోపలికి పాకితే వాటికి దారి దొరుకుతుంది. స్టెరాయిడ్ చుక్కలు వాటిని అణచి ఉంచుతాయి. పొర అడుగున నీటిని తోడివేసే కణాలు చస్తే మళ్లీ పుట్టవు. అందుకే ప్రతి రోజూ లెక్కే. ఏండ్లు గడిచాక కూడా ఈ ముప్పు రావచ్చు. ఆ చుక్కలే పచ్చిపుండు ఉన్న కంటిలో సొంతముగా వేస్తే కన్ను పోగలదు.

1905లో ఎడ్వర్డ్ జిర్మ్ అనే డాక్టరు, సున్నము పడి చూపుపోయిన ఒక కూలి రెండు కండ్లకూ పొరలు అతికితే ఒకటే నిలిచినదట. హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రివారి రామాయమ్మ నేత్రనిధి 1989లో మొదలైనది.

గంటగంటకు చుక్కలు వేస్తూ మేము వంతులవారీగా మేలుకొన్నాము. దేవుని దయవలన కన్ను నిలిచినది. నాయన మనుషులను గుర్తుపడతారు. అక్షరాలు మాత్రము కూడుకొనలేరు. మమ్మును ఒక్క మాట అనలేదు. అదే మాకు ఎక్కువ బాధ.

ఎవరో తమ ఏడ్పులో ఉండి ఇచ్చిన కానుకను మేము మూడు వారాల నాట్లకు మరచాము. మీ ఇంట అటువంటి కన్ను ఉంటే, ఎరుపు, నొప్పి, వెలుతురు ఓర్వలేకపోవుట, మసక – వీటిలో ఏది కనబడినా ఆ రోజే బయలుదేరండి. డాక్టరు చెప్పనిదే చుక్కలు ఆపకండి.