రాస్‌కామన్ కబుర్లు

అక్టోబరు చివరికొచ్చింది. గడియారాలు గంట వెనక్కి తిప్పడంతో ఐర్లండులో సాయంత్రం ఐదింటికల్లా చీకటి పడిపోతుంది. బేకరీల్లో బార్మ్‌బ్రాక్ రొట్టెలు దిగాయి. ఎండుద్రాక్ష వేసి చేసే ఈ రొట్టెలో ఓ ఉంగరం దాస్తారు. అది ఎవరి ముక్కలో వస్తే వాళ్లకి ఏడాది తిరక్కుండా పెళ్లట! పెళ్లికాని వాళ్లు కాస్త చూసుకుని కొరకండి.

ఐర్లండు వెళ్లిన మనవాళ్లు మొహర్ కొండల అంచున ఫొటో దిగి తిరిగొచ్చేస్తుంటారు. సముద్రమే లేని రాస్‌కామన్ కౌంటీ వైపు ఎవరు తొంగిచూస్తారు? ఈ హాలోవీన్ రోజుల్లో చూడాల్సింది మాత్రం అదే.

టల్స్క్ ఊరి పక్కన రాత్‌క్రోహన్ ఉంది. పైకి చూస్తే పచ్చిక దిబ్బలు, గొర్రెలు, అంతే. కానీ ఆ చుట్టుపక్కల రెండు వందలకు పైగా పురాతన ఆనవాళ్లున్నాయి. ఐరిష్ గాథల్లోని మేవ్ రాణి కోట ఇక్కడే. మొగుడి ఆస్తీ తన ఆస్తీ లెక్కేసుకుంటే తనకి ఒక్క ఆంబోతు తక్కువైందట. దానికోసం అల్‌స్టర్ మీదికి దండెత్తింది. మన విరాటపర్వంలో గోగ్రహణం లాంటిదే, కాకపోతే ఇక్కడ యుద్ధం పడగ్గదిలో మొదలైంది. పక్కనే పిల్లుల గుహ. హాలోవీన్‌కి మూలమైన సావిన్ పండగ రాత్రి దాని నోట్లోంచి పరలోకపు జీవులు బయటికొస్తాయని పాతకథలు చెబుతాయి.

దెయ్యాల కంటే నన్ను వణికించేది ఇదే కౌంటీలోని స్ట్రోక్స్‌టౌన్. బంగాళదుంప తెగులు తెచ్చిన కరువులో, 1847లో, అక్కడి జమీందారు కౌలురైతుల్నీ వాళ్ల కుటుంబాల్నీ కలిపి 1,490 మందిని కెనడాకి పంపించేశాడు. డబ్లిన్ దాకా నడిచారు, అక్కణ్ణించి లివర్‌పూల్ చేరి కెనడా ఓడలెక్కారు. ఎంతోమంది దారిలోనే పోయారు. అదే ఏడు నవంబరులో ఆ జమీందారు మేజర్ మహోన్‌ని కాల్చి చంపారు. ఆ ఎస్టేటులోనే ఇప్పుడు కరువు మ్యూజియం ఉంది. వాళ్లు నడిచిన దారి 165 కిలోమీటర్ల నడకబాటగా మారింది.

మనసు తేలికపడాలంటే లాక్ కీ సరస్సుకి వెళ్లాలి. ముప్పైకి పైగా చిట్టి దీవులు, ఓ దీవి మీద పాడుబడ్డ కోట, ఒడ్డున రంగు మారిన అడవి. దగ్గర్లోని బాయిల్‌లో 1161 నాటి మఠం ఉంది. డబ్లిన్ నుంచి స్లైగో వెళ్లే రైలు అక్కడ ఆగుతుంది.

పిల్లుల గుహలోకి మాత్రం సొంతంగా దూరకండి. టల్స్క్‌లోని సందర్శకుల కేంద్రంలో గైడుని ముందే మాట్లాడుకోండి. కొత్త బూట్లు ఇంట్లోనే వదిలేయండి, లోపలంతా బురద!