కుందేటి నాలుగవ కాలు

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లని వాదించినవాని సామెత మనలో విననివారుండరు. మా పిల్ల మొండికెత్తినప్పుడెల్ల నేనా సామెతనే చెప్పి మందలించుచుంటిని. ఆ మొండివాడను నేనే యగుదునని 2021 శీతకాలము వరకును నాకు తెలియలేదు.

మాది భద్రాచలమున కెదుటి యొడ్డుననున్న సారపాక. గోదావరిపై వంతెన దాటిన రాములవారి సన్నిధి. ఈవల కాగితపు మిల్లు. ఊరు దాటిన పొలములు, వానిని దాటిన అడవి. మావారు బడిపంతులు. ఇంటి వెనుక పది కుంటల నేల కలదు. అందు మునగ, గోంగూర, వంగ వేసి, నాలుగు కోళ్లను పెంచుకొనుచుంటిమి. జీతమునకు తోడుగా మరి నాలుగు రూపాయలు వచ్చిన బాగుండునని తలచుచుండగా, ఒక వర్తకుడు మాంసపు కుందేళ్లను గూర్చి చెప్పెను. ఒక పోతును మూడు పెంటులను మనము కొనవలెను; వాని పిల్లలు మూడు నెలలవియైన పిమ్మట అతడే వచ్చి ప్రాణముతో కొనిపోవును. ఇంతకంటె సులభమైన వ్యవసాయమేమున్నదని నాకు తోచెను.

"మేత మనది, ఈత వాటిది, వెల అతనిది" అని నేను మావారితో లెక్క చెప్పితిని.

"మరి కోత యెవరిది?" అని వారడిగిరి.

"అది మన కంట పడదు లెండి" అంటిని. నేను పట్టిన కుందేటికి అట్లు మూడు కాళ్లే యయ్యెను.

మా పెరటికి ఆకుకూరలకై వచ్చు కోయ ముసలమ్మ యొకతె గూళ్లలోని తెల్లని జంతువులను చూచి చాలసేపు నవ్వెను. "ఇవి చెవులపిల్లులు కావమ్మా" అనెను. ఆమె మాట నిజమే. మన యడవిలోని చెవులపిల్లి వేరు జాతి. అది నేలపై పొదచాటున ఈనును. దాని పిల్లలు వెండ్రుకలతో, తెరచిన కన్నులతో పుట్టి త్వరలోనే గంతులిడును. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము దానిని వేటాడరాదని శాసించినది. మేము పెంచునవి సీమకుందేళ్లు. వీని పూర్వులు ఐరోపాలోని స్పెయిను ప్రాంతమున బొరియలు త్రవ్వుకొని బ్రదికినవి. వీని పిల్లలు బొరియ చీకటిలో పుట్టదగినవి కనుక, మేన వెండ్రుకలేక, కన్నులు మూసికొని, బొటనవ్రేలియంతలై యుండును. న్యూజీలాండు వైటు, సోవియట్ చించిల్లా, గ్రే జెయింటు అనునవి మాంసమునకై పెంచు జాతులలో కొన్ని. రాజస్థానమందలి అవికానగరములో 1962లో నెలకొల్పబడిన కేంద్ర గొఱ్ఱెల, ఉన్ని పరిశోధన సంస్థకు కొడైకనాలు చెంత మన్నవనూరున ఒక శాఖ కలదు. అచట ఇట్టి కుందేళ్లను పోషించి, పెంచువారికి మెలకువలు నేర్పుదురు.

నాకా మెలకువలు నేర్పినది నష్టమే. పెంటిని పోతు గూటిలోనికి కొనిపోవలెను గాని, పోతును పెంటి గూటిలో విడువరాదు. తన చోటునకు వచ్చినదానిని పెంటి కరచి తరుమును. చూలు నిలిచిన పిమ్మట ఇంచుమించు 31 దినములకు ఈనును. ఆ దినములు నేను గోడమీద బొగ్గుతో గీతలు గీచి లెక్కించితిని గాని, ఈనుటకు మూడు నాలుగు దినముల ముందే గూటిలో ఎండుగడ్డి పరచిన పెట్టె నుంచవలెనని యెఱుగనైతిని. జనవరి చలిలో ఒక తెల్లవాఱుజామున పోయి చూడగా, ఆరు పిల్లలు ఇనుపవల మీద చల్లబడి పడియుండెను. తల్లి తన రొమ్ము వెండ్రుకలను నోటితో పెఱికి ఆ వలమీదనే కుప్పవేసినది. పెట్టె లేకున్నను అది తాను చేయవలసినది చేసెను. చేయవలసినది చేయనిదానను నేను.

రెండవ మారు పెట్టె లుంచితిని. ఏప్రిలు మొదట రెండు పెంటులు పదమూడు పిల్లలను పెట్టెను. తల్లి పగలంతయు పిల్లల వంక చూడనైన చూడదు. పాలీయదేమోయని నేను కలత చెందితిని. కుందేలు దినమున కొకటి రెండు మారులు మాత్రమే, అదియు కొన్ని నిమిషములే, పాలిచ్చునని తరువాత తెలిసినది. పిల్లల పొట్టలు గుండ్రముగా నుండిన చాలును. తల్లిని పదే పదే కదలింపరాదు. పదియవ దినము దాటగనే కన్నులు తెరచును. పెద్దవి తెల్లవాఱుజామున తమ మెత్తని రెట్టను తామే తినుట చూచి రోగమని భయపడితిని. అది రోగము కాదు. తిన్న ఆకులోని సారమును రెండవ మారు గ్రహించుటకై ప్రకృతి యేర్పరచిన మార్గము.

మన యెండలే వానికి ప్రబల శత్రువు. కుందేలు చెమటపోయలేదు, చెవుల నరములగుండ వేడిని విడుచును. 35 డిగ్రీలు దాటినచో దానికి ప్రాణసంకటము. మాకు మే నెలలో 45 చేరుట క్రొత్త కాదు. తాటాకు కప్పుకు నీరు చల్లి, చుట్టును తడిగోనెలు వ్రేలాడదీసితిని. ఐనను ఒక మధ్యాహ్నము నేను వంటయింట నుండగా మూడవ పెంటి రొప్పి రొప్పి చనిపోయెను. గంట కొకమారు పోయి చూచితినను తృప్తి దాని ప్రాణమును నిలుపలేదు. వేసవిలో పోతులకు బీజశక్తియు తగ్గును. కనుక ఆ మాసములలో జత కలుపుట మానివేసితిని.

జూలై వచ్చెను. పదునొకండు పిల్లలు మిగిలి, ఒక్కొక్కటి రెండు కిలోలకు చేరువయ్యెను. వర్తకుడు రాలేదు. అతని ఫోను మ్రోగి మ్రోగి ఆగిపోవుచుండెను. కొన్నాళ్లకు మ్రోగుటయు మానెను. అంతలో గోదావరి వచ్చినది.

భద్రాచలము వద్ద నీరు 53 అడుగులు చేరిన మూడవ ప్రమాద హెచ్చరిక యగును. 2022 జూలై 16 నాటికి 71.3 అడుగులు చేరెను. 1986 నాటి 75.6 అడుగుల తరువాత అంత వరద మా ప్రాంతమెఱుగదు. వంతెనపై రాకపోకలు నిలిచెను. మా పెరటిలోనికి నీరు వచ్చుటకు ముందే పొరుగువారి మేడమీదికి గూళ్లను చేర్చితిమి. పదేండ్ల మా పిల్ల తడిసిన మెట్లమీద ఒక్కొక్క కుందేటిని రొమ్మున కదుముకొని పదునాలుగు మారులు ఎక్కి దిగెను. తడియాకు పెట్టిన పొట్ట యుబ్బునని ఎండుగడ్డియు తవుడును మాత్రమే పెట్టితిమి. ఐనను రెండు పిల్లలు పొట్ట చెడి పోయెను. వానికై పిల్ల యేడ్చినది; నేనును ఏడ్చితిని.

నీరు తీసిన వారమునకే ఊరిలోని మాంసపు దుకాణమువాడు వచ్చెను. ఇంట బురద, చేత డబ్బు లేదు. తొమ్మిది పిల్లలను అతనికిచ్చితిని. బడినుండి వచ్చిన మా పిల్ల అడుగగా, "ఎవరో పెంచుకొనుటకు తీసికొనిపోయిరి" అని చెప్పితిని.

పిల్లలకు మనము తెలివిలేనివారమని తోచునంతగా మనకు వారు తోచరు. రెండు దినములలోనే అది నిజమును తెలిసికొని వచ్చి, "వరదలో వాటిని ఎందుకు మోసుకొచ్చామమ్మా? అక్కడే వదిలేస్తే అప్పుడే పోయేవి కదా" అని అడిగెను. కోపముతో అడిగినదైన కసరియుందును. నిజముగా తెలియక అడిగినది. నాకు బదులు దొరకలేదు.

ఆ రాత్రి నాకు మా తండ్రిగారు చిన్ననాడు చదివించిన అరణ్యపర్వములోని ధర్మవ్యాధుడు జ్ఞప్తికి వచ్చెను. మిథిలలో మాంసమమ్ముచు, కౌశికుడను బ్రాహ్మణునకు ధర్మము బోధించినవాడు. తాను స్వయముగా చంపననియు, ఒరులు చంపినదానినే యమ్ముదుననియు అతడు చెప్పును. కుందేళ్లు కొన్ననాటినుండి నేను నా మనసునకు చెప్పుకొనుచున్న సమాధానమును సరిగా అదియే! కాని యా కథ అంతటితో ముగియదు. నాగలి చాలులో ఎన్ని ప్రాణులు పోవుచున్నవో చూపి, హింస లేని బ్రతుకు దుర్లభమని చెప్పుచునే, తన వృత్తి ఘోరమైనదని అతడు దాచక యొప్పుకొనును. నేను మొదటి మాటను మాత్రము ఏరుకొని, కష్టమైనదానిని విడిచితిని.

మరునాడు పిల్లను కూర్చుండబెట్టి, నేను అబద్ధమాడితినని చెప్పితిని. "వరదలో చచ్చుట వేరు, మనము భయపెట్టక చంపుట వేరు. మనచేత నున్నన్ని దినములు దానికి బాధ లేకుండ చూచుట మన పని. తరువాత చంపుదుమని ముందు విడిచిపెట్టరాదు" అంటిని. ఆ మాట చెప్పుచున్నప్పుడే, దుకాణమున వానినెట్లు చంపిరో నేను చూడలేదని గుర్తునకు వచ్చెను.

అప్పటినుండి మాయింట పద్ధతి మారెను. అమ్మదలచిన పిల్లలను ప్రాణముతో నీయము. ముందు రాత్రి మేత తీసి, నీరు మాత్రముంతుము. తెల్లవాఱిన పిదప ఇతర కుందేళ్లకు కనబడని చోట, చేయి తిరిగినవాడొకడు ఒక్క దెబ్బతో పని ముగించును. అంతవరకు పట్టుకొని నిమురుచుండునది నేనే. మొదటి దినము చేతులు వణకినవి. నా వణకు దానికిని ప్రాకెను. ఇప్పుడు వణకవు. వణకకుండుట మంచిదేనా యని యప్పుడప్పుడు అనుమానము కలుగును. కాని ఆ నిమిషమున నా దయకంటె నా చేతి నెమ్మదియే దానికి మేలు.

ఇదంతయు చూచిన కోయ ముసలమ్మ ఒకనాడు, "నా చిన్నప్పుడు మావోళ్లు వల పన్ని చెవులపిల్లిని పట్టేటోళ్లు. కానీ మేము చంపినదానికి మేత వెయ్యలేదమ్మా. నీ పని కష్టం" అనెను. నన్నెవరును అంత చక్కగా ఓదార్చలేదు.

ఆ మాంసము తెల్లగా, కోడిమాంసమువలె నుండును. క్రొవ్వు తక్కువ గనుక పెద్దమంటపై వండిన పీచువలె ఎండిపోవును. మూతపెట్టి సన్నని సెగపై ఉడికించి, దిగునప్పుడు చింతచిగురు వేసిన రుచిగా నుండును. మా పిల్ల తినదు, నేను బలవంతపెట్టను. కాని మేత కోసికొని వచ్చునది ఇప్పటికిని అదియే.

సోదరీమణులారా, మీలో ఎవరైన కుందేళ్లను పెంచదలచినచో నా మాట వినుడు. తిరిగి కొందునను వర్తకుని నమ్మి జతలు కొనకుడు. ముందు మీ యూరిలో కొని తినువారెందరో అడిగి చూడుడు. రెండు పెంటులతో మొదలిడుడు. ఎండకాలమున నీడయు గాలియు ఈయలేనిచో అసలే వలదు. రెట్ట ఎరువుగా పడిన మా వంగతోట కాపు చూచి ఇరుగుపొరుగు వారాశ్చర్యపడుచున్నారు గాని, లాభమని చెప్పదగినది అంతకుమించి కొంచెమే.

అన్నిటికంటె ముందుగా, మీ కుందేటి కాళ్లను సరిగా లెక్కించుకొనుడు. మేత, ఈత, వెల, కోత. నాలుగవదానిని మీ లెక్కలో చేర్చుకొనుటకు మనసొప్పనిచో సిగ్గుపడవలసినదేమియు లేదు. గోంగూర వేసికొనుడు, అదియు మంచి పంటయే.