కొలతకందని గుణము

బంగారమును గీటురాతిపై గీచి పరీక్షింపవచ్చును. ధాన్యమును చేటలో పోసి తాలును, గట్టిగింజను వేరుచేయవచ్చును. కాని ఎదుగుచున్న యువకుడు పది సంవత్సరముల పిమ్మట ఎట్టివాడగునో ముందుగా చెప్పుట మిక్కిలి కష్టము. ఆ కష్టమైన పనిని అమెరికా దేశములోని బాస్కెట్‌బాల్ పరీక్షకులు ఏటేట చేయుచుందురు.

ఆ దేశమున విశ్వవిద్యాలయముల జట్లకు గొప్ప ప్రజాదరణ కలదు. వానిలో రాణించిన యువకులను ఎన్.బి.ఏ. అను వృత్తిక్రీడా సంఘమునకు చెందిన 30 జట్లు వరుసగా ఎన్నుకొనును. ఈ ఎంపికకే 'డ్రాఫ్ట్' అని పేరు. వెనుకబడిన జట్లకు ముందు వరుసలో చోటు దొరకునట్లు 1985 నుండి లాటరీ వేయుచున్నారు. ఎంపిక సరియైనచో బలహీనమైన జట్టు దశ తిరుగును. తప్పినచో ఏండ్ల తరబడి విచారమే మిగులును.

ఎంపికకు ముందు యువకులను చికాగో నగరమునకు రప్పించి పరీక్షింతురు. పాదరక్షలు లేకుండ ఎత్తు, చాచిన చేతుల పొడవు, ఎగురు శక్తి, పరుగు వేగము కొలుతురు. వైద్యులు ఎముకలను, కీళ్లను పరిశీలింతురు. అంతకు పూర్వమే పరీక్షకులు ఊరూర తిరిగి వారి ఆటలను చూచియుందురు. నేర్పరియైన పరీక్షకుడు బంతి వెంటనే తన కన్నును పోనీయడు. బంతి చేత లేనప్పుడు ఆ యువకుడేమి చేయుచున్నాడు? పొరపాటు జరిగిన వెంటనే రక్షణకై పరుగెత్తుచున్నాడా? ఆట నుండి తప్పించి కూర్చుండబెట్టినప్పుడు తోటివారిని ప్రోత్సహించుచున్నాడా? ఇవన్నియు గమనించును. అడ్డగించువారెవరును లేకుండ వేయు 'ఫ్రీ త్రో'లను గూడ లెక్కించును. ఏలయనగా చేతివాటము అందే స్పష్టముగా తెలియును. 22 ఏండ్లవాడు చూపిన నేర్పునే 19 ఏండ్లవాడు చూపినచో, వానికి ఎక్కువ విలువ కట్టును.

ఇంత చేసినను కొలతలు ఒక్కొక్కప్పుడు దారి తప్పించును. 2007లో టెక్సాస్ విశ్వవిద్యాలయపు ఆటగాడు కెవిన్ డ్యురాంట్, వెల్లకిల పరుండి 185 పౌండ్ల బరువును ఎత్తవలసిన పరీక్షలో ఒక్క పర్యాయమైనను ఎత్తలేకపోయెను. చూచినవారు పెదవి విరిచిరి. అయినను సియాటిల్ జట్టు అతని ఆటను నమ్మి రెండవ స్థానమున ఎన్నుకొనెను. అతడు 2014లో సంఘమున అత్యుత్తమ క్రీడాకారుడుగా ఎన్నికయ్యెను. 2012 మొదలు 2024 వరకు జరిగిన నాలుగు ఒలింపిక్ క్రీడలలోను స్వర్ణపతకములు గెలిచిన జట్టులో ఉండెను.

1984 నాటి ఎంపిక ఇంకను ప్రసిద్ధమైనది. మొదటి స్థానమున హ్యూస్టన్ జట్టు హకీమ్ ఒలాజువాన్‌ను ఎన్నుకొనెను. రెండవ అవకాశము పోర్ట్‌లాండ్ జట్టుది. ఆ జట్టుకు మిక్కిలి పొడవరి కావలసియుండెను. అందుచేత ఏడడుగులకు మించిన శామ్ బోవీని తీసికొనెను. కాలియెముక గాయముచే అతడు కళాశాలలో రెండేండ్లు ఆటకు దూరమైనవాడు. మూడవ స్థానమున చికాగో జట్టునకు దక్కినవాడు మైకేల్ జోర్డాన్. అతడు ఆ జట్టునకు ఆరు పర్యాయములు విజేతృత్వమును సంపాదించి పెట్టెను. బోవీకి మరల మరల కాలు విరిగెను. 2012లో వెలువడిన ఒక చిత్రమున అతడు ఒక సత్యమును చెప్పెను. నాడు వైద్యులు చిన్న సుత్తితో కాలిపై తట్టి అడిగినప్పుడు, లోపల నొప్పియున్నను లేదని చెప్పెనట. తనవారి అవసరములే అతని చేత ఆ మాట పలికించినవి. ఎముకను తట్టిచూచిన సుత్తికి ఆ యువకుని మనస్సులోని భారము వినబడలేదు.

2009లో స్టీఫెన్ కరీ వంతు వచ్చెను. అతడు సన్ననివాడు, డేవిడ్‌సన్ అను చిన్న కళాశాలలో చదివినవాడు. ఆరుగురిని ఎన్నుకొనిన పిమ్మట ఏడవవానిగా అతనిని గోల్డెన్ స్టేట్ జట్టు తీసికొనెను. మొదటి సంవత్సరములలో చీలమండ గాయములు అతనిని బాధించెను. అయినను అతడు అభ్యాసమును విడువలేదు. 2021 డిసెంబరులో, దూరము నుండి వేయు మూడు పాయింట్ల బుట్టల సంఖ్యలో సంఘ చరిత్రయందే ప్రథముడయ్యెను.

ఈ పరీక్షకులు అవివేకులు కారు. పొడవును, వేగమును, బలమును కొలుచుట అవసరమే. కాని కొలబద్ద తన్ను అడిగిన ప్రశ్నకు మాత్రమే బదులు చెప్పును. మనుష్యుడు నేడు ఎంతవాడో అది తెలుపును. రేపు ఎంత శ్రమించునో తెలుపజాలదు. పరీక్షించువారు ఈ సంగతి నెరిగి తీర్పు చెప్పవలెను. పరీక్షింపబడువారు దీనిని మరింత గట్టిగా గుర్తుంచుకొనవలెను. మొదటివానిగా పిలువబడినంతనే పని ముగియలేదు. ఏడవవానిగా పిలువబడినంతనే దారి మూసికొనిపోలేదు. పిలుపు వచ్చిన మరునాటి ఉదయమున మైదానమునకు పోయి చేయు సాధనయే ఆ తీర్పును నిలుపును, లేదా మార్చును.